అమ్మమ్మది ఏ ఊరు?



మన ఇళ్లల్లో కొత్తగా పరిచయమైన మనిషిని అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలియనిది కాదు. "మీదే ఊరమ్మా?" అంటాం. కాస్త చనువు కుదిరాక "పుట్టిల్లెక్కడ?" అని అడుగుతాం. కాఫీ గ్లాసు చేతికిచ్చేసరికి "మీ అమ్మగారి వైపు వాళ్లది ఏ ప్రాంతం?" అనే దాకా వస్తాం. ఇందులో తప్పేమీ లేదు. మనుషుల్ని కలుపుకోవటానికి మనకు తెలిసిన దారి అది. అయితే ఇదే ప్రశ్నను కలుపుకోవటానికి కాక, విడదీయటానికి వేసేవాళ్లు కూడా ఉంటారు. ఆ తేడా అడిగేవాళ్ల గొంతులోనే తెలిసిపోతుంది.

భారతంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన మనందరం విన్న కథే. అర్జునుడు తన విద్యంతా చూపించాడు. ఇంతలో కర్ణుడు వచ్చి, అవన్నీ నేనూ చేస్తానని చేసి చూపించాడు. అప్పుడు కృపాచార్యుడు ఏమడిగాడు? "నీ తల్లిదండ్రులెవరు, నీ వంశమేది?" అన్నాడు. విద్య గురించి అడగలేదు. కర్ణుడు తల వంచుకున్నాడు. ఇంతవరకూ అందరం చెప్పుకుంటాం. కాని ఆ తరువాత జరిగింది తక్కువ చెప్పుకుంటాం. దుర్యోధనుడు అంగరాజ్యం కట్టబెట్టాక, చెమటలు కక్కుకుంటూ ముసలి అధిరథుడు, సారథ్యం చేసుకునే మనిషి, కర్ర ఊతతో ఆ రంగస్థలంలోకి వచ్చాడు. అభిషేకపు నీళ్లు ఇంకా ఆరని తలను కర్ణుడు అంత సభలోనూ వంచి ఆ ముసలాయన పాదాలకు మొక్కాడు. భీముడు వెక్కిరించాడు. వెక్కిరిస్తాడని తెలిసే మొక్కాడు కర్ణుడు. ఆటస్థలంలో ఒక వీరుడు తన ఇంటివాళ్లను చూసి సిగ్గుపడకపోవటమంటే అది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది అలాంటి ఒక క్రీడాకారిణి గురించి. పురాణాల్లో మనిషి కాదు, మన హైదరాబాదు అమ్మాయి. బ్యాడ్మింటన్ ఆడిన గుత్తా జ్వాల.

పేరు చెప్పగానే మీలో చాలామందికి ఆమె మొహం కళ్లముందు మెదిలి ఉంటుంది. ఎడమ చేతి ఆట, పొడగరి మనిషి, మాటకు మాట జవాబు. తండ్రి క్రాంతి గారు తెలుగువారు. తల్లి యేలాన్ గారు చైనా ఆడపడుచు. మన పక్క ఊరి సంబంధానికే పదిసార్లు ఆలోచించే వాళ్లం కదా, చైనా అమ్మాయి తెలుగింటి కోడలు ఎలా అయిందని మీకు అనిపించవచ్చు. ఆ కథ గాంధీగారి దగ్గర మొదలవుతుంది.

యేలాన్ గారి తాతగారు జెంగ్ షెంగ్‌తి. ఇంటిపేరు జెంగ్. పాత రాతల్లో త్సెంగ్ అని కూడా కనిపిస్తుంది. 1920లలో, కుర్రతనంలో ఆయన చైనా నుంచి మన దేశం వచ్చాడు. రవీంద్రుని శాంతినికేతనంలో చదువుకున్నాడు. అక్కడినుంచి గాంధీజీ ఆశ్రమానికి వెళ్లాడు. గాంధీగారి దగ్గర శిష్యరికమంటే పుస్తకం పట్టుకుని కూర్చోవటం కాదని మనకు తెలుసు. నూలు వడకాలి, నేల ఊడ్చాలి, పాయిఖానా దొడ్లు శుభ్రం చెయ్యాలి, నలుగురితో కలిసి ప్రార్థనలో కూర్చోవాలి. ఆ చైనా కుర్రవాడికి గాంధీగారు 'శాంతిదూత' అని పేరు పెట్టారు. ఆ తరువాత ఆయన పత్రికారంగంలో స్థిరపడి, సింగపూరులో చైనా భాషా పత్రికకు సంపాదకుడుగా పనిచేశాడు. గాంధీగారి దగ్గర గడిపిన రోజుల గురించి తన భాషలో పుస్తకం రాశాడు.

ముసలితనంలో ఆయనకు ఒక కోరిక మిగిలింది. గాంధీజీ ఆత్మకథను చైనా భాషలోకి తేవాలని. అందుకు 1970ల చివరలో మళ్లీ మన దేశం వచ్చి వార్ధా దగ్గర సేవాగ్రాం చేరాడు. పెద్దవాడు కదా, రాతపనిలో సాయానికి మనవరాల్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనవరాలే యేలాన్. తాతగారి కాగితాలు సర్దటానికి వచ్చిన పిల్ల ఇక్కడే మన తెలుగువాణ్ణి పెళ్లాడి ఉండిపోయింది. 1983 సెప్టెంబరు 7న వార్ధాలోనే వాళ్లకు జ్వాల పుట్టింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. చైనా అంటే మనకు 1962 యుద్ధం గుర్తుకొస్తుంది. గుర్తుకు రావలసిందే. కాని దానికి ముందున్న చరిత్ర కూడా మనదే. దాదాపు పద్నాలుగు వందల ఏళ్ల కిందట హుయాన్‌త్సాంగ్ అనే చైనా యాత్రికుడు మన దేశం వచ్చి ఆంధ్రదేశం కూడా చూశాడు. ఆయన చూసిన ఆంధ్ర రాజధాని వేంగి. ఇవాళ ఏలూరు పక్కనున్న పెదవేగి. గోదావరి దాటి బస్సెక్కితే మాకు పూటలో పోయొచ్చే దూరం. ఆయన ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, ఆగి బౌద్ధ గ్రంథాలు చదువుకున్నాడు. కృష్ణాతీరంలో ఎవరి పేర నాగార్జునకొండ ఉందో ఆ ఆచార్య నాగార్జునుణ్ణి చైనా బౌద్ధులు ఇప్పటికీ గురువుగా కొలుస్తారు. మన కథల్లో రాజకుమార్తెలు కట్టే 'చీనాంబరాలు' ఏ దేశపు పట్టో ఆ మాటే చెబుతోంది.

దగ్గరి కాలానికి వస్తే, 1937లో శాంతినికేతనంలో చీనా భవనం వెలిసింది. దాని వెనక తాన్ యున్‌షాన్ అనే చైనా పండితుడి కృషి ఉంది. ఆ మరుసటేడు, జపాను దాడిలో నలిగిపోతున్న చైనాకు మన కాంగ్రెసు అయిదుగురు డాక్టర్లను పంపింది. అందులో షోలాపూరుకు చెందిన కోట్నిస్ అనే డాక్టరు అక్కడే గువో చింగ్‌లాన్ అనే నర్సును పెళ్లాడాడు. కొడుక్కి యిన్‌హువా అని పేరు పెట్టారు. 'యిన్' అంటే ఇండియా, 'హువా' అంటే చైనా. ఆ పిల్లవాడు ఊయల దిగకముందే, 1942 డిసెంబరులో, డాక్టరు చనిపోయాడు.

తరువాత 1962 వచ్చింది. యుద్ధం సరిహద్దులో జరిగింది. దెబ్బ మాత్రం అస్సాములో, బెంగాలులో తరాలుగా ఉంటున్న చైనా సంతతి కుటుంబాల మీద కూడా పడింది. బట్టల మూటలతో సహా పిల్లల్నీ పెద్దల్నీ రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. అలా వెళ్లినవాళ్లు దాదాపు మూడు వేలమంది. కొందరు అక్కడ ఏళ్ల తరబడి ఉండిపోయారు. వాళ్లు చేసిన నేరమల్లా వాళ్ల తాతల ఊరు. అటువంటి చరిత్ర ఉన్న దేశంలో, ఆ యుద్ధం జరిగి పదిహేనేళ్లకు, ఒక చైనా పిల్ల గాంధీగారి పుస్తకం కోసం వచ్చి కోడలయిందంటే అది చిన్న సంగతి కాదు.

సరే, జ్వాల దగ్గరకు వద్దాం. హైదరాబాదులో చిన్నప్పుడే ఎస్.ఎం. ఆరిఫ్ గారి శిక్షణలో చేరింది. జంటల ఆట ఎంచుకుంది. అప్పట్లో మన దేశంలో బ్యాడ్మింటన్ అంటే ఒంటరి ఆటే. జంటల ఆటను సైడు వాయిద్యంలా చూసేవారు. ఆ ఆటలోనే ఆమె పద్నాలుగుసార్లు జాతీయ విజేత అయింది. 2010 అక్టోబరు 14, ఢిల్లీ కామన్వెల్తు క్రీడల ఆఖరి రోజు. జ్వాల, కొడగు అమ్మాయి అశ్విని పొన్నప్ప కలిసి ఆడవాళ్ల జంటల్లో బంగారు పతకం గెలిచారు. ఓడినవాళ్లు సింగపూరు జంట. తన ముత్తాత పత్రిక నడిపిన ఊరి జంటను ఓడించి, మన జెండా కింద నిలబడి, మన జనగణమన విన్నది ఆ పిల్ల.

మరుసటి ఏడు, 2011లో, లండన్‌లో ప్రపంచ పోటీలు. ఆ జంటకే కాంస్యం వచ్చింది. ప్రపంచ పోటీల్లో మన దేశానికి అంతకుముందు వచ్చినది ఒకే ఒక్క పతకం, 1983లో ప్రకాశ్ పదుకొనే తెచ్చినది. అంటే జ్వాల పుట్టిన ఏడు. సెమీఫైనల్లో వీళ్లను ఓడించిన జంట ఏ దేశానిదో తెలుసా? చైనా. తల్లి పుట్టింటి దేశం. వలకు అవతల తల్లి మాట్లాడే భాష, ఇవతల తండ్రి మాట్లాడే భాష. మన పిల్ల మాత్రం ఇవతలే ఉంది. 2012 లండన్ ఒలింపిక్సులో రెండు విభాగాల్లో, ఆడవాళ్ల జంటల్లోనూ మిశ్రమ జంటల్లోనూ, ఆడే అర్హత సంపాదించింది. బ్యాడ్మింటన్‌లో మనవాళ్లెవరూ అంతకుముందు ఆ పని చెయ్యలేదు. ఇవాళ మా అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ జంటల ఆటలో ప్రపంచాన్ని గెలుస్తున్నాడని గోదావరి జిల్లాలన్నీ మురుస్తున్నాయి. 2023లో ఆసియా క్రీడల బంగారాన్ని అతను, చిరాగ్ శెట్టి కలిసి చైనా గడ్డమీదే గెలుచుకొచ్చారు. ఆ జంటల ఆటకు మన దేశంలో గౌరవం తెచ్చినవాళ్లలో జ్వాల ముందు వరసలో మనిషి.

ఇంత చేసినా ఆమెను విడిచిపెట్టారా? 2020లో కరోనా వచ్చింది. ఆ జబ్బు చైనాలో మొదలైందని, కళ్లు సన్నగా ఉన్న ప్రతి మనిషినీ మన వీధుల్లో వేలెత్తి చూపారు. మణిపూరు, నాగాలాండు పిల్లలు చదువుకునే ఊళ్లలో ఎన్ని మాటలు పడ్డారో పేపర్లలో చదివే ఉంటారు. జ్వాలను 'సగం చైనా', 'సగం కరోనా' అన్నారు. ఆమె నోరు మూసుకోలేదు. మా అమ్మ తాతగారు గాంధీగారి శిష్యుడు, ఆయనకు గాంధీగారే శాంతిదూత అని పేరు పెట్టారు, మా అమ్మ ఈ దేశానికి వచ్చిన కారణమిది అని పత్రికలో వివరంగా చెప్పింది. తల్లి వైపు చరిత్రను తప్పుగా కాక ఆస్తిగా చెప్పింది.

2021 ఫిబ్రవరిలో చైనాలో ఉన్న ఆమె అమ్మమ్మ చనిపోయింది. వాళ్ల కొత్త సంవత్సరం ముందు రోజు. నెలనెలా వెళ్లి తల్లిని చూసొచ్చే యేలాన్ గారు కరోనా వల్ల ఏడాదిగా వెళ్లలేకపోయారట. ఆ దుఃఖాన్ని జ్వాల నలుగురితో పంచుకుంటే, అయ్యో అనాల్సింది పోయి, కరోనా అనకుండా 'చైనా జబ్బు' అని ఎందుకనలేదని కొందరు తగువులాడారు. చావింట్లో ఆ మాటేమిటమ్మా? శత్రువు ఇంట్లో శవం లేస్తేనే మనం వీధిలో నిలబడి తలవంచుకుంటామే!

అప్పుడు ఆమె రాసిన దాంట్లో ఒక్క మాట నన్ను పట్టేసింది. అంతా ఇంగ్లీషులో రాసింది. చైనాలో పుట్టి, చైనాలో పోయిన ఆ ముసలావిణ్ణి మాత్రం 'అమ్మమ్మ' అని రాసింది. మన అమ్మమ్మే. తెలుగు మాటే.

ఇలాంటి పరీక్ష ఒక్క మన దేశంలోనే అనుకోకండి. జర్మనీలో మెసుత్ ఓజిల్ అని ఫుట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. వాళ్ల పెద్దలు కూలిపనికి టర్కీ నుంచి జర్మనీ వెళ్లారు. అతను అక్కడే పుట్టి, జర్మనీ తరఫున ఆడి, 2014లో ప్రపంచ కప్పు తెచ్చిన జట్టులో నిలిచాడు. 2018లో జట్టు ఓడిపోయాక పాత లెక్కలన్నీ బయటికి తీశారు. టర్కీ అధ్యక్షుడితో ఫోటో దిగటం తప్పన్నవాళ్లూ ఉన్నారు. ఆ ఫోటో మంచిచెడ్డలు ఎలా ఉన్నా, జట్టు వదిలి వెళుతూ అతను చెప్పిన బాధ మనకు అర్థమయ్యేదే. గెలిచినప్పుడు మా జర్మన్ వాడన్నారు, ఓడినప్పుడు వలసవచ్చినవాడన్నారు అని. కోడలు మంచి కూర వండితే 'మా ఇంటి చెయ్యి', ఉప్పెక్కువైతే 'వాళ్ల పుట్టింటి పెంపకం' అనటం మనం ఎరగని న్యాయం కాదు కదా!

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఈ ప్రసంగం రాయటానికి అసలు కారణం అదే.

మాది ఆత్రేయపురం. ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, కొబ్బరితోటల మధ్య ఊరు. మా ఊరి పేరు చెబితే ఎక్కడివాళ్లయినా పూతరేకులంటారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ, ఒక్క విసురుకు కాగితంకన్నా పల్చగా లేచొచ్చే రేకు. ఇంటింటా ఆడవాళ్ల చేతిలో ఉన్న విద్య. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మమ్మ ఆ పనిలో దిట్ట. రేకులు తీసి దొంతర పెడుతూ లోగొంతుకలో లెక్కపెట్టేది. "తిట్, నిట్, తోన్, లే..." అని. మేము పిల్లలం అదేదో రేకుల మంత్రమనుకునేవాళ్లం. మేమూ అలాగే అంటూ తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం.

వేసవి మధ్యాహ్నాలు సానమీద ఏదో చెక్క అరగదీసి, పచ్చగా గంధంలా బుగ్గలకు రాసుకునేది. ఎవరైనా అడిగితే "చలవకే" అనేది. ఎత్తు బుగ్గలు, సన్నటి కళ్లు. "మీ మామ్మ బొమ్మలా ఉంటుందే" అనేవారు ఇరుగుపొరుగు. మావాళ్లు మాట మార్చేవారు.

మా అమ్మమ్మ రంగంలో పుట్టింది. రంగం అంటే రంగూను. మన గోదావరి, విశాఖ జిల్లాల పెద్దలకు ఆ మాట వివరించక్కర్లేదు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి మనవాళ్లు ఓడలెక్కి బర్మా వెళ్లేవారు. ఓడరేవుల్లో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. కోరంగి నుంచి వచ్చారని మన తెలుగువాళ్లందరినీ అక్కడ 'కోరంగీలు' అనేవారు. ఆ మాటలో గౌరవం ఉండేది కాదు. 1930 మే నెలలో రంగూను రేవులో మన కూలీలు జీతం కోసం సమ్మె చేస్తే, వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకుని, సమ్మె ముగిశాక మళ్లీ బర్మావాళ్లను తీసేశారు యజమానులు. రెండు పేద జాతులూ వీధిన పడి కొట్టుకున్నాయి. ఎందరో మనవాళ్లు చనిపోయారు. మా అమ్మమ్మ పుట్టింది ఆ ఏడే.

ఆవిడ తండ్రి ఆత్రేయపురం మనిషి. తల్లి బర్మా మనిషి.

ఈ రెండో వాక్యాన్ని మా ఇంట్లో ఎనభై ఏళ్లు ఎవరూ పైకి అనలేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుమీద బాంబులు వేశాయి. మనవాళ్లు లక్షల సంఖ్యలో కట్టుబట్టలతో బయల్దేరారు. నాలుగైదు లక్షలమంది వచ్చారని చరిత్రకారుల అంచనా. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్లకే. తక్కినవాళ్లంతా నడకే. కలేవా, తము దాటి, మణిపూరు కొండలెక్కి ఇంఫాల్, అక్కణ్ణుంచి డిమాపూర్ రైలు. కలరాతో, చలిజ్వరంతో, ఆకలితో దారిపొడుగునా వేలమంది రాలిపోయారు. పన్నెండేళ్ల మా అమ్మమ్మ తండ్రి చెయ్యి పట్టుకుని ఆ దారిన నడిచింది. తల్లి రాలేదు. మంచంలో ఉన్న తన ముసలి తల్లిని వదిలి రాలేనందట. గొడవలు తగ్గాక వస్తానందట. మార్చి 8న రంగూను జపాను వశమైంది. ఆ తరువాత ఆవిడ కబురు లేదు. యుద్ధం అయిపోయాక రాయించిన ఉత్తరాలకు జవాబు లేదు.

ఊరు చేరాక పెద్దలు పిల్లకు ఒక పాఠం నేర్పారు. "మీ అమ్మది కాకినాడ వైపు. దారిలో కలరాతో పోయింది. ఎవరడిగినా ఇదే చెప్పు." తండ్రి తరఫువాళ్లు చెడ్డవాళ్లు కారు. రేపు పెళ్లి కావలసిన పిల్ల కదా అని భయం. ఆ పిల్ల అలాగే చెప్పింది. పెళ్లిచూపుల్లో చెప్పింది, కట్టుకున్నవాడికి చెప్పింది, కన్న కూతురికి చెప్పింది. బతికున్న తల్లిని అరవై ఏళ్లకు పైగా నోటితో చంపుతూ వచ్చింది. 2004లో చివరి మంచంమీద ఉన్నప్పుడు "అమే, అమే" అని పిలిచేది. 'అమ్మా' అనలేక అలా అంటోందనుకున్నాం. ఆఖరి వారంలో మా అమ్మను దగ్గరకు పిలిచి అసలు సంగతి చెప్పింది. బర్మా మాటలో 'అమే' అంటే అమ్మే. రేకుల మంత్రం ఒకటి, రెండు, మూడు, నాలుగు. బుగ్గలకు రాసుకున్నది అక్కడి ఆడవాళ్లంతా రాసుకునే తనఖా. ఇంతకీ ఆ చెక్క ఎక్కడ సంపాదించేదో మాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మా అమ్మ నా దగ్గర మాట తీసుకుంది, నీలోనే ఉంచుకోమని. నేనూ ఉంచుకున్నాను. 2020లో, కాలేజీలు మూసే ముందు, మా అమ్మాయి హాస్టలు నుంచి మొహం ముడుచుకుని వచ్చింది. తోటిపిల్లలు 'చైనా' అని పిలుస్తున్నారట. అద్దం ముందు నిలబడి "అమ్మా, నాకీ కళ్లు ఎవరివి వచ్చాయి?" అని అడిగింది. నేను పొయ్యి వైపు తిరిగి "మీ నాన్న వైపువాళ్లవి" అన్నాను. పాపం, మా మామగారి వంశంలో అందరివీ చక్రాల్లాంటి కళ్లు! పిల్ల ఆ ఫోటోలన్నీ చూసిందే. ఇంకేం అడగలేదు. నేను అబద్ధమాడానని దానికి తెలుసు, దానికి తెలుసునని నాకు తెలుసు.

ఏడాది తిరిగాక జ్వాల రాసిన 'అమ్మమ్మ' అన్న మాట చదివాను. చూడండి, ఏడాదిపాటు తల్లిని చూడలేకపోయిన కూతురి బాధ వాళ్లది. జన్మంతా చూడలేకపోయిన మనిషి మా ఇంట్లోనే రేకులు తీస్తూ కూర్చుంది, మేమెవరం ఓదార్చలేదు. ఓదార్చటానికి సంగతి తెలిస్తేగా! జ్వాలకు పతకాలున్నాయి, పేరుంది, అందుకని చెప్పగలిగింది అనుకోవచ్చు. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. కాని పతకాలున్నందువల్ల ఆమెకు మాటలు తప్పలేదు కదా. ఇంకో నాలుగు ఎక్కువే పడ్డాయి. మరి నేను ఎవరికి భయపడుతున్నట్టు? నలుగురికీ అంటే ఆ నలుగురిలో నేనూ ఒకదాన్నే.

ఆ రాత్రి మా అమ్మాయిని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "అయితే మామ్మ లెక్క పూర్తిగా నేర్పు" అంది. నాకు నాలుగు దాకానే వచ్చు. అయిదు, ఆరు అదే ఎక్కడో వెతికి నేర్చుకొచ్చి నాకు నేర్పింది.

అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. మా అమ్మాయికి ఇప్పుడు సంబంధాలు చూస్తున్నాం. ఈ ప్రసంగం విని ఒకరిద్దరు వెనక్కి తగ్గవచ్చునని మా అమ్మ భయం. ఇది చదవటానికి ఆవిడ ఒప్పుకోవటానికి నాలుగు నెలలు పట్టింది. చివరికి ఆవిడే "మా అమ్మ అబద్ధంతో పోలేదు, చెప్పే పోయింది. నువ్వూ చెప్పు" అంది. పిల్ల అయితే "వెనక్కి తగ్గేవాళ్లు ముందే తగ్గటం మంచిది కదమ్మా" అని నవ్వింది.

జ్వాల 2021లో తమిళ నటుడు విష్ణు విశాల్‌ను పెళ్లాడింది. 2025లో ఆడపిల్ల పుట్టింది. ఆ బాలింతరోజుల్లో తన బిడ్డకు పోగా మిగిలిన పాలు, దాదాపు 30 లీటర్లు, ప్రభుత్వాసుపత్రిలోని పసికందుల కోసం ఇచ్చింది. నెలలు నిండక పుట్టిన, తల్లిపాలు అందని బిడ్డలకు ఆ పాలు పోస్తారు. ఆ పాలిచ్చిన తల్లి అమ్మమ్మది ఏ దేశమని అక్కడ ఏ బిడ్డ తల్లీ అడిగి ఉండదు.

సోదరీమణులారా, మీ ఇళ్లల్లో పెద్దవాళ్లుంటే ఒక మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక పక్కన కూర్చోండి. "అమ్మమ్మా, నీ చిన్నప్పటి ఊరేది, మీ అమ్మ ఎలా ఉండేది?" అని అడగండి. రంగమే కానక్కర్లేదు. ఖరగ్‌పూరు కావచ్చు, బరంపురం కావచ్చు, ఫిజీ, మలయా తోటలు కావచ్చు. చెప్పింది చాకలిపద్దు పుస్తకంలోనైనా సరే, పేరూ ఊరూ సంవత్సరమూ వేసి రాసిపెట్టండి. మా ముత్తవ్వ పేరు మాకు తెలియదు. అమ్మమ్మ 'అమే' అనే పిలిచింది. అడగటానికి ఇప్పుడెవరూ లేరు. మీకింకా వ్యవధి ఉందేమో చూసుకోండి.

ఈ సంక్రాంతికి మా అమ్మాయి రేకులు తీయటం నేర్చుకుంటోంది. మొదట తీసినవన్నీ చిరిగిపోయాయి. దొంతర పెడుతూ లెక్కపెడుతోంది, తిట్, నిట్, తోన్, లే, ఙా అని. ఈసారి గొంతు పెంచే.